లిస్బన్ రేవులో బావా బామ్మర్దులు

ఆ చలికాలం సౌదీలోని దమ్మామ్‌లో సముద్రం ఒడ్డున ప్రపంచ రేవుల పండుగ పెట్టారు. వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్, లిస్బన్, అన్నీ ప్లైవుడ్‌తో కట్టినవే. లిస్బన్ రేవులో నిలబెట్టే ఓడకు కర్రపని చేసినవాడు జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మల్లేశం. రంగులు వేసినవాడు అతని బామ్మర్ది నాగేందర్. నాగేందర్ ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే వీసా తెప్పించి, ఎయిర్‌పోర్టుకు పోయి తోలుకొచ్చి, తన గదిలోనే కింది మంచం ఇప్పించింది మల్లేశమే.

ఓడ నిలబెట్టాక, రోజూ దాని ముందు ఆడాల్సిన నాటకానికి మనుషులు చాలలేదు. మేనేజర్ ఉమామహేశ్వరరావు పనివాళ్లనే వరసగా నిలబెట్టాడు.

"మాటలేం ఉండవు. మూటలు మోయడమే."

స్క్రిప్టు రాసింది స్నిగ్ధ. విశాఖపట్నంలో చరిత్ర చదివి, భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి, ఈ పండుగ నడిపే కంపెనీలో చేరింది. తెలుగువాళ్లను దగ్గరికి పిలిచి విడిగా చెప్పింది.

"ఇది అయిదొందల ఏళ్ల కిందటి లిస్బన్. మన మలబారు మిరియాలు ఓడల్లో అక్కడికి వెళ్లేవి. రాజుగారి గోదాముల నుంచి యూరప్ అంతా కొనుక్కునేది. ఆ వైభవం అందరూ చూపిస్తారు. ఆ ఊళ్లో మూటలు మోసిన బానిసల్ని ఎవరూ చూపించరు. ఎక్కువమంది ఆఫ్రికా వాళ్లు. గోవా వైపు నుంచి పట్టుకెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. జనం అది ఫీల్ అవ్వాలి."

"గట్లయితే మమ్ముల వెట్టుడే మంచిగైంది మేడం" అన్నాడు మల్లేశం. అందరూ నవ్వారు. స్నిగ్ధకు నవ్వు రాలేదు.

బానిసల్ని తోలే దొర వేషం, కొరడా నాగేందర్‌కు ఇచ్చారు. పొడగరి, ఎర్రకోటు అతనికి బాగా నప్పింది.

కొరడా అంటే నల్లరంగు పూసిన నూలుతాడు. దానితో నేలను కొట్టాలి. మొదట్లో జనం ఒకసారి చూసి వెనిస్ వైపు పోయేవాళ్లు. "చప్పుడు రావట్లేదయ్యా, ఎవరూ ఆగట్లేదు" అని ఉమామహేశ్వరరావు విసుక్కున్నాడు. మరుసటి రోజు నాగేందర్ తాడును బకెట్లో నానబెట్టి, చివర ముడి వేశాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. మల్లేశం మూటతో ఓడ మెట్లు దిగుతుంటే దెబ్బ వీపు మీద పడింది. ఆ చప్పుడుకు జనం ఆగారు. ఫోన్లు లేచాయి.

గదికి వచ్చాక మల్లేశం అడిగాడు. "ఏందిరా, నిజంగనే కొడ్తున్నవ్?"

"సప్పుడు రావాలన్నడు గద బావా సారు."

"మూటకు కొట్టు."

"మూటకు కొడితే సప్పుడు రాదు."

"మరి నన్నే ఎందుకు కొడ్తవ్? అంతమంది ఉన్నరు."

నాగేందర్ ఫోన్‌లో తన వీడియో చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "వేరేటోళ్లను కొడితే కొట్లాటకస్తరు. నువ్వైతే మనోనివి."

ఆ వీడియో ఊరికీ చేరింది. మల్లేశం భార్య సంధ్య ఫోన్ చేసి ఒకటే నవ్వు. "మా తమ్ముడు ఎర్రకోటుల దొర లెక్క ఉన్నడు. నువ్వు గా మూట కింద కానస్తనే లేవు." మల్లేశం వీపు కనపడకుండా గోడకు ఆనుకుని కూర్చుని తానూ నవ్వాడు.

ఒక సాయంత్రం మల్లేశం చొక్కా వీపుకు అంటుకుపోయి ఉండటం స్నిగ్ధ చూసింది. వేలితో తాకి, వేలు చూసుకుని, నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, నేను రాసింది ఇది కాదు. అతనికి రక్తం వస్తోంది."

"ఫీల్ అవ్వాలన్నారు కదమ్మా, అవుతున్నారు. వెనిస్ దగ్గర ఈగలు తోలుకుంటున్నారు, వెళ్లి చూడండి."

"అయితే కొరడా ఇంకొకరికి ఇవ్వండి. మల్లేశానికి ఇవ్వండి."

ఆయన భుజాలెగరేసి సరేనన్నాడు. స్నిగ్ధ తనే కొరడా తెచ్చి మల్లేశం చేతిలో పెట్టింది. "మీరైతే కొట్టరు, మల్లేశం గారూ. ఆ నొప్పేంటో మీకు తెలుసు."

కొట్టొద్దనే అనుకున్నాడు మల్లేశం. నాగేందర్ మూట ఎత్తుకుంటూ "మెల్లగ బావా" అని కన్ను కొట్టాడు. మొదటి దెబ్బ నేలకే వేశాడు. జనం అటూ ఇటూ కదిలారు. ఎవరో ఆవులించారు. రెండోది బామ్మర్ది వీపు మీద పడింది. "బావా!" అని నాగేందర్ వెనక్కి తిరిగాడు. ఆ పిలుపు విన్నాక మల్లేశం చెయ్యి ఆగలేదు. కింద పడ్డవాణ్ని కూడా కొట్టాడు. ముడి తగిలి చెవి చిరిగింది. ముందు వరసలో స్నిగ్ధ లేచి "చాలు, ఆపండి!" అని అరిచింది. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు. మల్లేశం చివరిదాకా ఆగలేదు. ఆటకు పెట్టిన పాట అయిపోయాకే ఆగాడు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. అంత హాయి ఈ దేశం వచ్చాక ఎప్పుడూ ఎరగడు.

ఉమామహేశ్వరరావు వచ్చి భుజం తట్టాడు. "బ్రహ్మాండం! ఇకనుంచి ఒకరోజు నువ్వు, ఒకరోజు అతను. ఇద్దరికీ వీపు ఆరుతుంది."

సంధ్య ఈసారి నవ్వలేదు. "నా తమ్ముని చెవి తెంపినవు. నువ్వు మనిషివేనా?" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. స్నిగ్ధ పనికి రావడం మానేసింది. ఆట మాత్రం ఆగలేదు.

బావా బామ్మర్దులు ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద వేరువేరుగా వండుకున్నారు. మాటల్లేవు. ఎవరి రోజున వాళ్లు పొద్దున్నే తాడు నానబెట్టుకునేవాళ్లు.

పండుగ ముగిసే ముందు పెద్ద వాన పడి ఒకరోజు ఆట రద్దయింది. మిగతా మోతగాళ్లు హాయిగా పడుకున్నారు. ఆ రోజు కొరడా మల్లేశానిది. ఎర్రకోటు తొడుక్కుని మంచం మీద కూర్చుని బామ్మర్దితో అన్నాడు.

"ఇయ్యాల నాది పాయె. రేపు నాదే."

"రేపు నాది" అన్నాడు నాగేందర్.

"వాన పడితే నేనేం జేత్తరా?"

"అది నాకెరుకలేదు. రేపు నాది."

ఇద్దరూ గల్లాలు పట్టుకున్నారు. గదిలోవాళ్లు విడిపిస్తే, తడుస్తూ మేనేజర్ దగ్గరికి పంచాయితీకి పోయారు. ఉమామహేశ్వరరావు ఇద్దరినీ చూసి నవ్వాడు. జేబులోంచి రియాల్ బిళ్ల తీసి ఎగరేశాడు.

నాగేందర్ గెలిచాడు. మల్లేశం తడిసిన కోటు విప్పి అతనికిచ్చాడు.