తోలు రంగు

కుక్కర్ మూడో కూత వేసేలోగా సిపాయి ఎడమ కన్ను పూర్తి కావాలి. పద్మప్రియ ఊపిరి బిగబట్టి, నాలుగు వెంట్రుకలున్న కుంచె కొనతో తెల్లచుక్క పెట్టింది. సిపాయి బొటనవేలి కణుపంత ఉంటాడు, వాడి తల కందిగింజంత. అందులో కన్నంటే ఉన్నట్టు ఉండాలి, గుడ్లురిమినట్టు ఉండకూడదు.

"సిపాయిలకు పూసేదాంట్లో రవ్వంత నీ మొగానికీ పూసుకోకూడదా? చూసేవాళ్ళ కండ్లకన్నా సల్లగుంటాది," అంది వెనకనుంచి అత్త తిరుపాలమ్మ.

ఈ మాట కొత్తది కాదు. పెళ్ళిచూపుల నాడే ఆమె తన చేతిని పద్మప్రియ చేతి పక్కన పెట్టి చూసుకుని, "మావాడు తెలుపు గదా, పుట్టేవాళ్ళు ఎట్లైనా నడమన ఉంటారులే," అనేసింది. తొమ్మిదేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. ఆ నేరం కూడా ఈ నలుపు ఖాతాలోకే పోయింది. పద్మప్రియ కుంచె కడిగి, కుక్కర్ దించి, తిరగమోతకు ఎండుమిరపకాయలు తుంచింది. జవాబులన్నీ లోపలే పుడతాయి, లోపలే పులుస్తాయి.

ఈ బొమ్మల పిచ్చి మొదట ఆమె భర్త కేశవది. గుంతకల్లు రైల్వే ఆఫీసులో గుమస్తా. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగవాళ్ళు బల్లమీద గుట్టలూ ఇసుకా పేర్చి, చిన్న సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడుకునే వీడియోలు చూసి తనూ రంగుల పెట్టె తెప్పించాడు. నెల తిరక్కుండానే ఆరుగురు సిపాయిలు మొహాలకు మైదాపిండి అద్దుకున్నట్టు తయారయ్యారు. విసుగొచ్చి పెట్టె మంచం కిందకు తోశాడు. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ ఆమె ఆ పెట్టె బయటకు లాగింది.

ఆమె నాయన ఎర్రప్ప బత్తలపల్లెలో అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. పదేళ్ళప్పటినుంచీ ఆమె ఆయనకు రంగులు కలిపి ఇచ్చింది. ఏ రంగులో ఏది ఎంత పడితే ఏమవుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. ఆ మైదాపిండి మొహాలను గీకేసి మళ్ళీ పూసింది. సాయంత్రం కేశవ వచ్చి చూశాడు. ఎవరు చేసినారని అడగలేదు. ఫోన్ తీసి ఫొటో కొట్టి, 'కేశవ స్టూడియో' అని పేరు పెట్టి ఆ ఆట ఆడేవాళ్ళకు పంపించాడు. డబ్బిచ్చి బొమ్మలు పూయించుకునేవాళ్ళు మొదలయ్యారు.

అట్లా నాలుగేళ్ళు. పొద్దున అతని డబ్బా కట్టి పంపినాక, గిన్నెలు తోమి, నీళ్ళు పట్టి, అత్త మోకాళ్ళకు నూనె రాసి, వెలుతురు బాగుండే పదకొండు నుంచి మూడు దాకా వంటింటి కిటికీ దగ్గర ఆమె కూర్చునేది. మిలిటరీ బట్టల మీద మచ్చలు వేయడం చాలా ఓర్పు పని. ముందు ఇసుకరంగు, ఆరినాక ఆకుపచ్చ, దానిమీద ఇటుకరంగు, అంచులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడాలి. రెండడుగుల దూరంనుంచి చూస్తే సిపాయి నేలలో కలిసిపోవాలి. కనబడకుండా పోయేది ఎట్లాగో ఈ ఇంట్లో తనకంటే బాగా ఎవరికి తెలుసని ఆమెకు నవ్వొచ్చేది. అది మంచి నవ్వు కాదు.

"రోజంతా ఇంట్లో కూర్చుని బొమ్మలాట. అదృష్టమంటే నీదే," అనేవాడు కేశవ, అతనికి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె నొప్పికి నడుము పట్టుకుని నిలబడినప్పుడు.

ఈ ఏడాది ఒక పెద్ద పని వచ్చింది. ఎడారి యుద్ధంలో పోరాడిన మన దేశపు సిపాయిలు అరవైనాలుగు మంది. "తెల్లగా పూయి. బొమ్మ అందంగా ఉండల్ల," అన్నాడు కేశవ. ఆమె తల ఊపింది. పూయలేదు. పట్టాల మీద పనిచేసేవాళ్ళు కిటికీ ముందునుంచి పోతుంటే చూసింది. ఎండకు మెడలు ఎట్లా కమిలిపోతాయో, చెవులు ఎట్లా ఎర్రబడతాయో, గడ్డం గీసుకున్నచోట చెంప ఎట్లా బూడిద నీలంగా ఉంటుందో చూసింది. తన మోచేయి వంచి చూసుకుంది. అందరూ నల్లదని ఒక్కమాటలో తేల్చేసిన ఆ తోలులో ఎరుపుంది, పసుపుంది, మడతల్లో ఊదా ఉంది. అవన్నీ సిపాయిలకు పెట్టింది. ఇద్దరికి ఒకే రంగు రాకుండా అరవైనాలుగు మందికీ పెట్టింది.

కేశవ మండిపడ్డాడు. "ఏందే ఇది? కూలోళ్ళ మాదిరి ఉండారు! మళ్ళా పూయి!"

"పూయను. నీకు కావల్లంటే నువ్వే పూసుకో."

చేయెత్తాడు కానీ కొట్టలేదు. బల్లమీద బొమ్మలున్నాయి, చెడిపోతాయి. గడువు దాటిపోతోంది కాబట్టి ఫొటోలు అట్లాగే పంపాడు. మరునాడు ఫోన్ నిండా పొగడ్తలు. తోలు ఇంత ప్రాణంతో పూసినవాళ్ళను ఇంతవరకు చూడలేదన్నారు. "నాకు ముందే తెలుసు, ఈ రంగే బాగుంటాదని," అని వాళ్ళమ్మతో చెప్పుకున్నాడు.

ఆ అరవైనాలుగు మందిని చేయించుకున్నది అనంతపురంలో పళ్ళ డాక్టర్ అశ్విని. ఆదివారం ఒక హాల్లో ఆట పెడుతున్నాం, బెంగళూరు నుంచి కూడా వస్తారు, అందరి ముందూ ఒక మొహం పూసి చూపించండని కేశవను పిలిచింది. రెండు రోజులు అతనికి తిండి సయించలేదు. శనివారం కుడిచేతికి గుడ్డకట్టు కట్టుకున్నాడు.

"చేయి బెణికిందని చెప్తా. నేను చెప్తాంటా, నువ్వు పూయి. నేనే నీకు నేర్పించినా. అర్థమైందా? ఆడ నోరు తెరిస్తే ఊరుకోను."

హాల్లో ముప్పై మందికి పైగా ఉన్నారు. పొడుగు బల్లమీద ఇసుక పోసి, దానిమీద ఆమె అరవైనాలుగు మందినీ నిలబెట్టారు. ఇంట్లో నాలుగు నాలుగుగా చూసిందేగానీ అందరినీ ఒక్కచోట ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు, కేశవ పక్కన నిలబడ్డాడు. కుంచె కదలడం మొదలయింది. ఆమె వేళ్ళమీదికి కెమెరా పెట్టి గోడమీద పెద్దగా చూపిస్తున్నారు.

"ఇప్పుడు బుగ్గకు వెలుగు ఇస్తాంది," అన్నాడు కేశవ. ఆమె అప్పుడు చెవి పూస్తోంది.

అశ్విని ముందుకు వంగింది. "కంటి కింద ఆ నీడ ఎట్లా తెచ్చారు కేశవగారూ? నేను ఎన్నిసార్లు చేసినా మసిలాగా వస్తాంది."

"అది చాలా సులభం మేడం. అదే రంగులో రవ్వంత నలుపు కలిపితే సరి."

పద్మప్రియ చేయి ఆగిపోయింది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. పేరు పోయినా ఊరుకుంది. కానీ ఈ మాట నమ్మి ముప్పై మంది రేపు ఇంటికి పోయి నలుపు కలుపుతారు. అన్ని మొహాలూ చచ్చిపోతాయి.

"నలుపు కాదు," అంది.

కేశవ కాలితో ఆమె కుర్చీని తన్నాడు.

"నలుపు కలిపితే తోలుకు ప్రాణం పోతాది మేడం. శవం మాదిరి ఉంటాది. గోధుమరంగులో సూదిమొనంత నీలం, అంతే ఎరుపు కలపల్ల. నల్ల మనిషి మొగంలో యాడా నలుపు ఉండదు. కావల్లంటే నా మొగం చూడండి."

అందరూ చూశారు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ఆమె మొహంలోకి తేరిపార చూడటం, చూసి ఎవరూ మొహం తిప్పుకోకపోవడం అదే మొదటిసారి.

కేశవ గట్టిగా నవ్వాడు. "నేర్పించినోనికే ఎదురు చెప్తాంది చూడండి!"

అశ్విని నవ్వలేదు. "మీరు చెప్పండమ్మా. ఈ బల్లమీద ఉన్నవాళ్ళలో మీరెంతమందిని పూశారు?"

ఒక్క అంకె చెప్పి ఇంటి పరువు కాపాడొచ్చు. పది అనొచ్చు. సగం అనొచ్చు. అతని వేళ్ళు ఆమె భుజంమీద బిగుసుకున్నాయి.

"అందరినీ. ఆయన కుంచె ముట్టక నాలుగేండ్లయింది."

వాళ్ళు బయల్దేరేముందు అశ్విని తన నంబరు పద్మప్రియ ఫోన్‌లో ఎక్కించి, ఇంకో ఇరవై మందిని పూసిస్తారా అని అడిగింది. బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే కేశవ కట్టు విప్పి విసిరేసి, ఆ బాగున్న చేత్తోనే ఆమె కుంచెలన్నీ పట్టి విరిచాడు. "నలుగురిలో నా మొగాన ఉమ్మేసినావు గదే!" అని అరిచాడు. "తిండి పెట్టే మొగునికి చేసే మర్యాదేనా ఇది?" అని తిరుపాలమ్మ అందుకుంది. పద్మప్రియ ముక్కలను చీపురుతో ఎత్తి చెత్తబుట్టలో వేసింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టింది.

నాలుగో రోజు రాత్రి అతను భోజనానికి వచ్చి, కొత్త కుంచెల పొట్లం కిటికీ అంచున పెట్టాడు. దాని పక్కనే ఒక అట్టపెట్టె.

"అయిందేదో అయిపాయె. దీంట్లో నలభై మంది ఉండారు, వచ్చే వారానికి పంపల్ల. తొందరగా మొదలుపెట్టు."

ఆమె చేతులు తుడుచుకుని, అతని ఎదురుగానే ఫోన్ తీసి అశ్విని నంబరు నొక్కింది.

"మేడం, పద్మప్రియను. మొన్న మీరడిగిన ఆ ఇరవై మందిని పంపించండి, చేస్తా. ఇంటికి వద్దు. గుంతకల్లు పోస్టాఫీసుకు నా పేరు రాసి పంపండి, నేనే పోయి తెచ్చుకుంటా. అవును, నా పేరే."

ఫోన్ పెట్టేసి అతని పళ్ళెంలో అన్నం వడ్డించింది. కేశవ ముద్ద కలపలేదు.

"మరి ఈ నలభై మంది?"

"పెట్టెమీద నీ పేరు ఉండాది గదా," అంది పద్మప్రియ. "నువ్వే పూయి."