అక్క సున్నం కొట్టిన గోడ

ఆ ఊరి చర్చిని మూసేస్తారని తెలిసిన రోజు నుంచి మాస్టారికి తిండి సయించలేదు. వచ్చే జనం తగ్గిపోయారు, నలుగురి కోసం ఇంత భవనం దేనికి, అమ్మేద్దాం అన్నది పట్నంలోని పెద్దాఫీసు ఆలోచన. నిజంగా పాతకాలపు కట్టడమని తేలితే మాత్రం జోలికి రారట. అది తేల్చడానికి ఒక అధికారి ఆదివారం వస్తున్నాడు.

బతుకంతా చరిత్ర పాఠాలు చెప్పిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మాస్టారు చర్చిలో నిధి వేట పెట్టారు. ఊళ్ళోవాళ్ళు జట్లుగా తిరుగుతూ, చీటీల్లోని పొడుపు మాటల్ని బట్టి పాత గుర్తులు వెతకాలి. వాళ్ళు వెతికి చూపిస్తుంటే అధికారి వెనకే నడుస్తాడు. గోడలు తమ వయసు తామే చెప్పుకుంటాయి.

చీటీల్లో ఏముందో ఆయన ఎవరికీ చెప్పలేదు. సొంత అక్కకైతే అసలే చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా ఊరంతా జవాబులు వల్లించేస్తుంది.

ఈ అక్కగారే చర్చి శుభ్రం చేసే ఆడవాళ్ళకి పెద్ద దిక్కు. ఆవిడ పెళ్ళయిందీ అక్కడే, మొగుణ్ణి పాతిపెట్టిందీ ఆ ఆవరణలోనే. అధికారి వస్తున్నాడని వినగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది. తమ్ముడేమో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఇక వాడితో అయ్యేది కాదని, శనివారం పొద్దున్నే కొంగు బిగించి, తన బలగంతో చర్చిలోకి దిగింది.

ఆదివారం మాస్టారు తలుపు తెరిచారు. లోపలంతా కొత్త రంగు వాసన.

మొదటి జట్టుకి ప్రసంగ వేదిక మీద చెక్కిన సంవత్సరం కనిపెట్టమని చీటీ వచ్చింది. వాళ్ళు వేదిక చుట్టూ గానుగెద్దుల్లా తిరిగారు. ఆ అంకెల గుంటల్లో ముందురోజే అక్క లప్పం కూరి, పైన మెరిసే గోధుమరంగు వేసింది. రెండో జట్టు పాత బెంచీ మీద వెనకటి తరాలవాళ్ళు గోళ్ళతో, మేకులతో గీసుకున్న పేర్ల కోసం వంగి వంగి వెతికింది. గరుకు కాగితం పెట్టి రుద్దిన బెంచీ వాళ్ళ ముఖాలు వాళ్ళకే చూపించింది. అధికారి మర్యాదగా తలూపుతూ వెనకే నడిచాడు.

ఇక మిగిలింది ఒక్కటే. కట్టిన మేస్త్రీ తడి గచ్చు మీద అరచెయ్యి అద్ది వెళ్ళిన గోడ. అదొక్కటి చూస్తే చాలు, అధికారి కాదనలేడు. చీటీలో ఆయన, ‘ఈ చర్చిని నిలబెట్టిన చెయ్యి ఎక్కడ?’ అని రాశారు. ఆ గోడ తెల్లగా, నున్నగా, ఇంకా తడిగా ఉంది.

మూడో జట్టు కాసేపు గుసగుసలాడుకుని బయటికి పరుగెత్తింది. కాసేపటికి అక్కను రెక్క పట్టుకుని లాక్కొచ్చి, సున్నానికి పగిలిన ఆవిడ అరచెయ్యి ఎత్తి చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. అక్క సిగ్గుపడి, మెట్ల మీద కూర్చుంటానని వెళ్ళిపోయింది.

అధికారి మాస్టారిని పక్కకు పిలిచాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. పాతదని చెప్పుకోడానికి ఇక్కడ ఒక్కటీ కనబళ్ళేదు. కానీ భవనం అద్దంలా ఉంది. అమ్మకానికి పెడితే చాలు, ఎగరేసుకుపోతారు."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. అక్కను నాలుగూ దులిపెయ్యాలని విసవిసా బయటికి వచ్చారు. ఆవిడ మెట్టు మీద మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుని ఉంది.

"ఏమన్నాడ్రా?"

నోటిదాకా వచ్చిన మాటలన్నీ మాస్టారు మింగేశారు.

"అద్దంలా ఉందన్నాడక్కా."

అక్క ముఖం చాటంతయింది. "మరి? నీ కాగితాలతో అయ్యే పనేనా ఇది? ఇంక మన చర్చిని ఎవడు కదుపుతాడో చూద్దాం."

మాస్టారు ఆవిడ పక్కనే కూలబడి, చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చారు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని అక్క కూడా కళ్ళు తుడుచుకుంది.