మూడో గేటు అవతల

"ఈసారి నీ ఇష్టమే. నువ్వు ఏ పేట అంటే ఆ పేట," అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి.

చేతిలో గిన్నె జారి సింకులో పడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో కిటికీ కర్టెన్ల రంగు కూడా ఆమెకి వదలని మనిషి, ఇల్లెక్కడ కొనాలో నువ్వే చెప్పమంటున్నాడు. సంతోషించాలి. కానీ వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. సూది గుచ్చేముందు "ఏ చెయ్యి ఇస్తారు, మీ ఇష్టం" అని తనూ రోజూ అడుగుతుంది. ఏ చెయ్యి ఇచ్చినా సూది తప్పదు.

కారులో భర్త పక్కన అత్తగారు కూర్చుంది. వెనక సీట్లో ఆమె, అత్తగారి మందుల సంచి, నీళ్ల సీసాలు, గొడుగు. ఊరి చివర కొత్తగా కడుతున్న కాలనీ అది. కాలనీ అనడం తక్కువే, చుట్టూ గోడ ఉన్న చిన్న ఊరు. మెయిన్ గేటు దాటగానే ముంగిలి పేట, రెండో గేటు దాటితే కొలను పేట, మూడో గేటుకి అవతల, అన్నిటికన్నా లోపల, ప్రశాంతి. లోపలికి పోయేకొద్దీ రేటు పెరుగుతుందిట. గేటు దగ్గర ముగ్గురి మెడల్లోనూ విజిటర్ కార్డులు వేశారు.

ముంగిలిని చూడగానే ఆమె మనసు అక్కడే ఆగిపోయింది. ఇళ్లు ఇరుకే. కానీ గేటు బయటే బస్టాపు. తెల్లవారుజాము షిఫ్టుకి ఎవరినీ లేపక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకోగలిగింది ఆ ఉద్యోగం ఒక్కటే. ఆమధ్య ఒక రోజు శాంపిళ్లు ఎక్కువై ఆలస్యమైతే ల్యాబు ఫోను మోగుతూనే ఉంది. ప్రతిసారీ భర్తే. డాక్టరు నవ్వి, మీ ఆయనకి కూడా ఒక కుర్చీ వేయిస్తానమ్మా అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక అత్తగారు, "వాడికి నువ్వంటే ప్రాణం అమ్మాయ్, అందుకే ఆ కంగారు," అంది. ఆ ప్రాణమే అప్పుడప్పుడూ ఆమెకి ఊపిరాడనివ్వదు. ఆ మాట ఎవరితో అంటుంది?

అమ్మకాల అమ్మాయి చకచకా నడుస్తూ, ప్రశాంతిలో బడి ఉంది, ఆసుపత్రి ఉంది, కూరగాయల కొట్టుంది, ఆడవాళ్లకి బయటికి వెళ్లాల్సిన పనే పడదు మేడమ్ అని చెప్పుకుపోతోంది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని ప్రశాంతిలోని మోడల్ ఇంట్లో సోఫాలో కూలబడింది. భర్త కారు షెడ్డు కొలతలు చూస్తున్నాడు. ఆమె ఒక్కతే బయటికొచ్చి వీధి వెంట నడిచింది. ముగ్గులేసినంత నీటుగా ఉన్నాయి ఇళ్లు. మనిషి గొంతు వినపడదు.

మూడో గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. భుజాన సంచి, కాళ్లకి బయటికెళ్లే చెప్పులు. కడ్డీ దించే ఉంది.

"ఎవరికోసమైనా చూస్తున్నారా అక్కా?" అంది ఆమె.

"ఫోనుకోసం," అందావిడ. "మా ఆయన ఓకే కొట్టాలి. మీటింగులో ఉన్నట్టున్నారు."

కాపలాదారు మొహమాటంగా తల గోక్కున్నాడు. ఇంటి యజమాని ఫోనుకి కబురు వెళ్తుందని, ఆయన ఒప్పుకుంటేనే కడ్డీ లేస్తుందని, అంతా సేఫ్టీ కోసమేనని చెప్పాడు. ఇంతలో పనిముట్ల సంచితో ప్లంబరు వచ్చాడు. మెడలో కార్డు చూపించాడు. కడ్డీ లేచింది, వెళ్లిపోయాడు, మళ్లీ దిగింది.

"అతన్ని ఆపలేదేం?"

"విజిటర్లని ఆపే హక్కు మాకు లేదమ్మా. ఇంట్లోవాళ్లనే."

ఆవిడ సంచి భుజం మార్చుకుంది. "నేను బయట బడిలో లెక్కల టీచర్ని. అంటే, మొన్నటిదాకా," అంది. "రోజూ ఆలస్యమవుతుంటే వాళ్లు మాత్రం ఎన్నాళ్లు ఊరుకుంటారు." నవ్వబోయి ఆపేసింది. ఆమె ఆవిడ మణికట్టు పట్టుకుంది. అలవాటైన వేళ్లకి నాడి దొరికింది. ఊరికే నిలబడ్డ మనిషికి, పరిగెత్తి వచ్చినట్టు కొట్టుకుంటోంది.

ఆమె వెనక్కొచ్చాక అందరూ కారులో మెయిన్ గేటు పక్కనున్న ఆఫీసు గదికి వచ్చారు; మందుల సంచి, నీళ్ల సీసాలు, గొడుగు ఆమే లోపలికి మోసుకొచ్చింది.

"చూసుకున్నావా? చెప్పు మరి," అన్నాడు భర్త.

"ముంగిలి."

అతను తల్లి వైపు చూసి చిన్నగా నవ్వాడు. "రోడ్డు మీద దుమ్ము, వచ్చేపోయే జనం. నీ ఆరోగ్యం ఏం కాను? సరే, నీ ఇష్టమే అన్నాను కాబట్టి ప్రశాంతిలో ఏ ఇల్లో నువ్వే ఎంచుకో. కార్నర్‌దా, పార్కు ఎదురుదా?"

ఇంకా ఆలోచనేంటమ్మాయ్, అదృష్టవంతురాలివి, అంది అత్తగారు మందుల సంచి కోసం చెయ్యి చాస్తూ.

అమ్మకాల అమ్మాయి ట్యాబ్లెట్ ఆమె వైపు తిప్పింది. తెరమీద ఆమె ఫొటో. తెల్లకోటు కాలరు కనపడుతోంది, ల్యాబు గుర్తింపు కార్డులోంచి కత్తిరించిన ఫొటో. తను ఇవ్వలేదు. పక్కన 'సభ్యురాలు' అని, కింద 'అనుమతి: యజమాని ఫోను' అని ఉంది.

"సార్ పోయిన నెలే అడ్వాన్సు కట్టేశారు మేడమ్, సర్‌ప్రైజ్ అన్నారు. మీ బొటనవేలు ఒక్కటే మిగిలింది."

బొటనవేలు పెట్టాల్సిన చిన్న గాజుపలక కింద ఎర్రగా దీపం వెలుగుతోంది. ఆమె దానికేసి చూసింది. ఇన్నాళ్లూ ఎన్ని చేతులు పట్టుకుంది, ఎన్ని వేళ్లు గుచ్చింది. గుచ్చేలోపు చెయ్యి వెనక్కి లాక్కున్నవాళ్లని తనెప్పుడూ బలవంతం చెయ్యలేదు. అసలు అలా లాక్కోవచ్చని తనకెందుకు తట్టలేదో.

"వేలు పెట్టు," అన్నాడు భర్త. గొంతు మెత్తగానే ఉంది. చెయ్యి మాత్రం ఆమె మోచేతిని పట్టుకుంది.

ఆమె మోచెయ్యి విడిపించుకుంది. మందుల సంచి అత్తగారి ఒళ్లో, నీళ్ల సీసాలు బల్ల మీద, గొడుగు అతని చేతిలో పెట్టింది.

"ఆ ఇంటికి నేను వస్తే," అంది అమ్మకాల అమ్మాయితో, "నన్ను విజిటర్‌గా రాసుకోండి."

మెడలో కార్డు సరిచేసుకుని మెయిన్ గేటు వైపు నడిచింది. అక్కడి కాపలాదారు కార్డు చూశాడు, కడ్డీ ఎత్తాడు. వెనక ఆఫీసు గుమ్మంలో, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాడు భర్త. ఆ ఫోను మోగలేదు.