అక్క ఆర్కిడ్

అక్క ఇల్లు మారినప్పుడు మంచాలు, బీరువాలు, బావగారి పాత కుర్చీ అన్నీ లారీ ఎక్కాయి గానీ ఆర్కిడ్ కుండీ మాత్రం ఎక్కలేదు. కుదుపులకి పూలు రాలతాయని అక్క భయం. "కొన్నాళ్ళు నీ దగ్గరుంచవే. ఇల్లు సర్దుకోగానే వచ్చి తీసుకెళ్తా. ప్రాణంగా పెంచుకున్నా, జాగ్రత్త," అని కుండీని చెల్లెలి చేతుల్లో పెట్టి, ఊరు దాటి వెళ్ళిపోయింది.

చెల్లెలు డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ చేస్తుంది. పెళ్ళి మాట ఎప్పుడో వాయిదా పడి, అలాగే మరుగున పడిపోయింది. రోజంతా ఆవిరిలో నిలబడి ఎవరెవరివో కోట్ల మడతలు తీసి ఇంటికొస్తే, "వచ్చావా" అని అడిగే దిక్కులేదు. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే ఉన్నంతకాలం ఆ లోటు అంతగా తెలియలేదు.

వారం తిరక్కుండానే పూలన్నీ రాలిపోయాయి. చెల్లెలి గుండెల్లో రాయి పడింది. పూటపూటా నీళ్ళు పోసింది. ఆకులు పసుపెక్కాయి. ఇక లాభం లేదని కుండీని చంకనెత్తుకుని నర్సరీ ఆయన దగ్గరికి పోయింది.

"ఇది మట్టిలో బతికేది కాదమ్మా. అడవిలో చెట్టుకొమ్మని పట్టుకుని పెరుగుతుంది," అన్నాడాయన.

"అయితే బదనికలాగా చెట్టుని పీలుస్తుందా?"

"అబ్బే, పట్టుకుంటుందంతే. తిండీ నీళ్ళూ గాలిలోంచి, వానలోంచి తనే తెచ్చుకుంటుంది. వేళ్ళు తెల్లబడితేనే నీళ్ళు పొయ్యండి. మీరు ముద్దు ఎక్కువ చేసి కుళ్ళబెడుతున్నారు."

అప్పట్నుంచి కిటికీ దగ్గర పెట్టి, వేళ్ళ రంగు చూసి నీళ్ళు పోయడం నేర్చుకుంది. నీళ్ళు తగలగానే తెల్లటి వేళ్ళు పచ్చబడుతుంటే చూస్తూ నిలబడేది. అక్కతో ఫోన్లో మొక్క ఊసెత్తలేదు. పూశాకే చెప్పాలని పట్టుదల. "ఎప్పుడొస్తావక్కా?" అని మాత్రం అడిగేది. "వస్తానే, ఈ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గనీ," అనేది అక్క. తర్వాత మనవరాలి పరీక్షలన్నది. ఆ తర్వాత ఇంకేదో.

ఏడాది దాటాక ఆకుల మధ్యనుంచి ఒక కొమ్మ తొంగిచూసింది. మొదట వేరనుకుంది. అది పైకి తిరిగి మొగ్గలు తొడిగేసరికి చెల్లెలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కుండీ తీసుకెళ్ళడానికి అక్క వస్తుంది. వచ్చాక భోంచెయ్యకుండా పోదు. భోంచేశాక ఆఖరి బస్సు ఉండదు. ఇలా లెక్కేసుకుని కొత్త దిండు కూడా కొనిపెట్టింది.

మొదటి పువ్వు విచ్చిన ఆదివారం ఫోన్ చేసింది.

"అక్కా, పూసింది."

"ఏం పూసిందే?"

"నీ ఆర్కిడ్."

అవతల టీవీ చప్పుడు వినిపిస్తోంది. "ఏ ఆర్కిడ్? ఓ, అదా. అదింకా ఉందా? ఎప్పుడో పోయుంటుందనుకున్నా. ఇక్కడ అమ్మాయి రెండు కొనిచ్చింది, పెట్టడానికి చోటు లేదు. నువ్వే ఉంచేసుకోవే. నీకూ తోడుంటుంది."

"సరే అక్కా," అంది చెల్లెలు.

అక్క మాటలో కల్మషం లేదు. అందుకే కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మొక్క అక్కదిగా ఉన్నన్నాళ్ళూ అక్క ఏదో ఒకరోజు రాక తప్పదు. ఇప్పుడిక రావలసిన పనేం లేదు.

పూలు రెండు నెలలు నిలిచాయి. చూసినవాళ్ళెవరూ లేరు. అవి రాలాక కుండీ వంక చూస్తే, వేళ్ళు దాని గోడలకి అతుక్కుపోయి ఉన్నాయి. పరాయి సొమ్మని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. తర్వాతి ఆదివారం పాత పేపరు పరిచి, సుత్తితో కుండీ పగలగొట్టింది. లోపల సగం వేళ్ళు కుళ్ళి ఉన్నాయి. కత్తెరతో వాటిని కత్తిరించి, బాగున్నవి కడిగింది.

అంతలో ఫోన్ మోగింది. అక్కే. మోకాళ్ళ గురించి, మనవరాలి మార్కుల గురించి చాలాసేపు చెప్పి, "నీ సంగతులేంటే?" అంది.

"ఏముంటాయక్కా, మామూలే."

ఫోన్ పెట్టేసి, మళ్ళీ కింద కూర్చుని, కొత్త కుండీలో వేళ్ళ సందుల్లో మట్టికి బదులు చెట్టు బెరడు ముక్కలు ఒక్కొక్కటే సర్దసాగింది.