చప్పటి నీళ్లు

బండి కింద పక్కకు ఒరిగి పడుకుని లింగస్వామి నీళ్ల తొట్టి అడుగు బిరడా విప్పుతున్నాడు. వానాకాలమంతా షెడ్డులో కదలకుండా నిలబడిన బండి. బిరడా బిగుసుకుపోయింది. దానికి గుడ్డపేలిక చుట్టి, పళ్లు బిగబట్టి మరో మెలి తిప్పగానే లోపల నిలవున్న నీళ్లు బుడబుడమంటూ దిగాయి. ముందు వాసన వచ్చింది, నానిన గోనెసంచి వాసన. కాసిని నీళ్లు దోసిట్లో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. తేటగానే ఉన్నాయి. వేళ్ల మధ్య రుద్దితే మాత్రం సన్నటి జిగురు తగిలింది.

"గిదీ సంగతి," అన్నాడు తనలో తానే.

కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు అది. రెండు పడకలు, ఓ పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, నిలబడి స్నానం చేసేంత గది. కల్వకుర్తి దాటాక శ్రీశైలం రోడ్డు పక్కన మంజులత ఇలాంటి బండ్లు మూడు పెట్టుకుని యాత్రలకు పోయేవాళ్లకు కిరాయికి ఇస్తుంది. బయట కడిగేవాళ్లు, టైర్లు చూసేవాళ్లు మారుతూ ఉంటారు. నీళ్ల పని మాత్రం లింగస్వామిదే. అది ఎవరూ అప్పజెప్పలేదు. వచ్చిన కొత్తలో తానే తీసుకున్నాడు.

బండి కింది నుంచి బయటికి రావడానికి అతనికి కొంచెం సేపు పడుతుంది. ముందు బోర్లా దొర్లాలి, తర్వాత మోచేతుల మీద లేవాలి, ఆపైన చక్రం పట్టుకుని నిలబడాలి. నిలబడ్డా పదేళ్ల పిల్లాడి ఎత్తే. మోకాళ్లు రెండూ బయటికి విల్లులా వంగాయి. వెన్ను ముందుకు ఒరిగి అక్కడే గట్టిపడింది. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాలి. పళ్ల మీద గోధుమరంగు చారలు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు అతని ఊరు. ఆ ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో చాలామంది ఎముకలు అట్లాగే వంగిపోయాయి. అతని తల్లి బడి వయసు దాటేదాకా అతన్ని చంకనెత్తుకుని తిరిగింది. పెద్దయ్యాక పంక్చర్ల దుకాణంలో కూర్చుని పనిచేశాడు. కొన్నాళ్లు హైవే మీది హోటల్లో గ్లాసులు కడిగాడు. ఆ ఊరి మగపిల్లలకు పిల్లనివ్వడానికి ఎవరూ రాని రోజులవి. అతనూ ఎవరినీ అడగలేదు. అదంతా ఇప్పుడు చెప్పమన్నా రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటాడు.

బకెట్లో నీళ్లు పోసి బ్లీచింగ్ మందు కలిపాడు. నీళ్లు కాగే డబ్బాలోకి మందు పోకుండా దాని దారి మూశాడు. కలిపిన మందును గరాటు పెట్టి తొట్టిలోకి వంచి, పైన నల్లా నీళ్లతో నింపాడు. షెడ్డు వెనక బోరు ఉంది, మీట నొక్కితే చాలు. అయినా గేటు దగ్గర, నది నీళ్లు వచ్చే భగీరథ నల్లా నుంచి పైపు లాక్కొస్తాడు. మందు పురుగును చంపుతుంది గానీ బోరు నీళ్లలో కరిగి ఉన్నదాన్ని తీయదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత చెప్పులు విడిచి లోపలికెక్కి మోటారు పెట్టాడు. ఒక్కో కుళాయి విప్పి, ముక్కు దగ్గర పెట్టి, మందు ఘాటు తగిలాకే కట్టేశాడు. వంటగది కుళాయి, స్నానాలగది కుళాయి, పైనుంచి పడే జల్లు. బండి వెనక చిన్న మూత కింద కాళ్లు కడుక్కునే గొట్టం ఒకటి ఉంటుంది, అందరూ మరిచిపోయేది. దాన్నీ విప్పాడు. గొట్టాల్లో ప్రతి మూలకూ మందు చేరాక అన్నీ మూసేసి, మెట్టు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇక మందు తన పని తాను చేసుకోవాలి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా.

పొద్దు అంత పైకి రాకముందే కారు వచ్చింది.

దిగినతను సునీల్. మక్తల్‌లో కరెంటు లైన్‌మన్. మధ్యాహ్నం రావాల్సినవాడు పొద్దున్నే వచ్చాడు. వెనక సీట్లో వాళ్లమ్మ నర్సింగమ్మ మూతికి గుడ్డ కట్టుకుని కిటికీకి తల ఆనించి ఉంది. తల మీద వెంట్రుకలు లేవు, కొంగు కప్పుకుంది.

"అన్నా, బండి తయారైందా? అమ్మ రాత్రంత నిద్ర వోలే. పోదాం పోదాం అంటాంది."

"ఇంక కాలే బిడ్డా. మందు వోసి పెట్టిన. జర ఆగాలె."

సునీల్ కాసేపు ఆగాడు. కారు చుట్టూ తిరిగాడు. తర్వాత ఆఫీసు గదిలోకి పోయి మంజులతతో మాట్లాడాడు. ఇద్దరూ కలిసే బయటికి వచ్చారు. అతని గొంతు తగ్గించి ఉంది గానీ అందులో బతిమాలుకోవడం ఉంది. అమ్మకు రక్తంలో జబ్బు. హైదరాబాద్ దవాఖానలో మందు ఎక్కించి పంపారు, మళ్లీ పోవాలి. ఈ నడుమ దొరికింది రెండు రోజులే. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉండాలని ఆమె కోరిక. కాచిన నీళ్లే తాగాలనీ, బయటి నీళ్లతో నోరు కూడా పుక్కిలించొద్దనీ డాక్టర్లు చెప్పారు. సీసాల నీళ్లు తెచ్చుకున్నారు. బండిలో నీళ్లు చేతులు కడుక్కోవడానికే.

మంజులత బండెక్కి వంటగది కుళాయి కింద గ్లాసు పెట్టి పట్టింది. ఎత్తి చూసింది.

"లింగన్నా, నీళ్లు సాఫ్‌గనే ఉన్నయి గద. మందు దింపేసి నింపియ్యి. పెద్దమనిషి కార్ల కూసోని ఉన్నది, పాపం."

లింగస్వామి లేవలేదు. ఒళ్లు తిప్పి ఆమె వైపు చూశాడు.

"మా ఊరి నీళ్లు గుడ సాఫ్‌గనే ఉంటుండె మంజులమ్మా. అద్దం లెక్క ఉంటుండె."

మంజులత చూపు అతని మోకాళ్ల మీద పడి, తిరిగి గ్లాసు మీదికి వచ్చింది. నీళ్లు పారబోసి గ్లాసు కడిగి పెట్టింది. సునీల్ కూడా కారు దగ్గరికి పోయి అమ్మకు నచ్చజెప్పుకున్నాడు.

నర్సింగమ్మ ఎండ తగలకుండా షెడ్డు నీడలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. లింగస్వామి నేల మీద, ఆమె కుర్చీలో. కాసేపటికి ఆమే పలకరించింది.

"ఏ ఊరు తమ్మీ మీది?"

"మర్రిగూడ దిక్కు అక్కా."

"అర్థమైంది," అంది, అతని కాళ్లను చూసి. ఆ మాటలో జాలి లేదు. ఎరిగిన ఊరి పేరు విన్నట్టే ఉంది. "నేను పుట్టిన మా అవ్వగారి ఊరు ఏట్ల మునిగింది. డ్యాం కట్టినప్పుడు. నాకు గప్పుడే పెండ్లయింది. మల్ల ఇంటికి పోదామంటె ఇల్లు లేదు."

"ఎండకాలం నీళ్లు దిగితే గోడలు తేల్తయంటరు గద?"

"తేల్తయంట. నేను ఎన్నడు పోలే."

"ఇప్పుడు నిండ ఉంటది అక్కా. ఏం కనవడది."

"కనవడకపాయె. గా నీళ్ల పక్కపొంటి ఒక్క రాత్రి పండుకుంట. సాలు."

లింగస్వామి తల ఊపబోయాడు. అది ఊగదు కాబట్టి చేయి ఊపాడు. నర్సింగమ్మ గుడ్డ కింద నవ్వినట్టుంది, కళ్లు ముడుచుకున్నాయి.

"నీకు నీళ్ల మీద కోపం రాదా తమ్మీ?"

అతను కొంచెం ఆలోచించాడు. ఈ మాట అతన్ని ఇంతకుముందు ఎవరూ అడగలేదు. "నీళ్లది ఏం తప్పుందక్కా. భూమిల ఏముంటే గదే తెచ్చిస్తయ్. మనం సూసుకోవాలె." ఆగి, "మా అమ్మ నాకు పెద్ద చెంబుతోటి తాపుతుండె. పిల్లగానికి బలం వస్తదని," అన్నాడు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. లింగస్వామి మళ్లీ బండి కిందికి దూరాడు. మందునీళ్లు పక్క చేనిలోకి పోకుండా కాలువ తీసి గుంతలోకి మళ్లించాడు. తొట్టి నింపాడు, అన్ని కుళాయిలూ విప్పాడు, దింపాడు. ఘాటు పోలేదు. మళ్లీ నింపాడు. ఈసారి ఊపిరి అందక చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. గట్టిపడ్డ పక్కటెముకలు ఛాతీని పెద్దగా కదలనివ్వవు. సునీల్ పరుగున వచ్చి పైపు అందుకోబోయాడు.

"నేను పట్టుకుంట అన్నా, నువ్ కూసో."

"పట్టుకో. కింద పడనియ్యకు, మట్టి అంటుతది."

ఆఖరిసారి నింపినప్పుడు స్నానాలగది జల్లులో కూడా వాసన లేదు. లింగస్వామి వంటగది కుళాయి కింద గ్లాసు పట్టి, కడుపునిండా తానే తాగాడు. ఏ బండి పంపినా మొదటి గ్లాసు అతనిదే. తర్వాత మరో గ్లాసు పట్టి, కాచి చల్లార్చమని సునీల్ చేతికిచ్చాడు. పొయ్యి వెలిగింది, నీళ్లు తెర్లాయి, చల్లారాయి. నర్సింగమ్మ గుడ్డ తీసి ఒక్కో గుక్క తాగింది.

"ఏం రుచి లేదు తమ్మీ. చప్పగున్నయ్."

"గదే కావాలె అక్కా," అన్నాడు లింగస్వామి. అతని ముఖమంతా నవ్వు పరుచుకుంది. చారల పళ్లు దాచుకోవడం కూడా మరిచిపోయాడు.

బండి గేటు దాటి కొల్లాపూర్ దారి పట్టేదాకా నిలబడి చూశాడు. వెనక కిటికీలోంచి ఆమె చేయి ఊపింది. అది కనుమరుగయ్యాక షెడ్డులోకి వచ్చి, చేతులు కడుక్కుని, నులక మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. వెల్లకిలా పడుకోవడానికి అతని వెన్ను ఒప్పదు.

సాయంత్రం మంజులత చాయ్ పట్టుకొచ్చింది. "లింగన్నా" అని పిలిచింది. రెండోసారి పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, అతని చల్లబడ్డ చెంపకు చేయి ఆనించి, చాలాసేపు అట్లాగే కూర్చుంది. అతని ముఖంలో ఏ బాధా లేదు. పని అయిపోయిన మనిషి ముఖం అది.

మరునాడు ఊరినుంచి లింగస్వామి అన్న కొడుకు వచ్చి అతన్ని ఆటోలో తీసుకుపోయాడు. ఆటో పోయిన కాసేపటికే సునీల్ ఫోన్ చేశాడు.

"మేడం, అమ్మ మంచిగుంది. రాత్రి ఒడ్డు మీదనే పండుకుంది. ఎన్ని నెలలకో గింత నిద్ర వోయింది. పొద్దుగాల లేసి నీళ్ల దిక్కు సూపించి, అగో మా ఇల్లు గాడ, అంటాంది. మాకైతే ఏం కనవడతలేదు. గా నీళ్ల తమ్మికి చెప్పమన్నది, మంచిగ పండుకున్న అని."

మంజులత "చెప్త," అంది. ఫోన్ పెట్టేసి షెడ్డు గడపలో నిలబడింది.

బండి ఉన్నచోట నేల ఇంకా తడిగానే ఉంది. నిన్న మెట్టు ఉన్న జాగాలో, బయటి అంచులు అరిగి పల్చబడ్డ రబ్బరు చెప్పుల జత, లేని తలుపు వైపు ముఖం పెట్టి, పక్కపక్కనే ఉంది.