ఎకువా ముత్తవ్వ ఫొటో

పొయ్యి మీద పొగబెట్టిన చేపల్ని అరబా తిరగేస్తుంటే వెనకనుంచి అత్తగారంది, "కెమెరా ముట్టుకున్న రోజున చేపలు మాడకపోతే ఒట్టు!"

అరబా పొయ్యిలో మంట తగ్గించింది. కేప్ కోస్ట్ ఊరి సందులన్నీ కాళ్ళరిగేలా తిరిగి, ఒకప్పుడు సముద్రపొడ్డు కోటలో తెల్లదొరల బట్టలుతికిన, నీళ్ళు మోసిన ఆడవాళ్ళ మనవరాళ్ళను వెతికి ఫొటోలు తీసింది తనే. తీరా కోటలో ప్రదర్శన అనేసరికి ముందు నిలబడేది మొగుడు ఎబో. "నీకు నలుగురిలో మాట పెగలదు కదే, నేను చూసుకుంటాలే" అన్నాడు. కాబోలనుకుంది. అతిథులకు ఏం వండాలన్నది మాత్రం ఆమెకే వదిలేశాడు.

అది అలవాటైన బాధే. ఇప్పుడు గుండెల్లో కూర్చున్నది వేరే. ప్రదర్శన కోసం లండన్ మ్యూజియం నుంచి తెప్పించిన పాత ఫొటోల్లో ఒకదాని కింద "స్థానిక స్త్రీ" అని మాత్రమే ఉంది. నడుము పైన బట్ట లేదు. చూస్తూనే అమ్మకు అక్క, మన్సా పెద్దమ్మ గొల్లుమంది. "మా అమ్మమ్మే! ఎకువా! నన్ను పెంచింది ఈవిడే." అంటే అరబాకు ముత్తవ్వ.

ఎబో మాత్రం ఎగిరి గంతేశాడు. "గోడంత చేసి గుమ్మంలోనే పెడదాం. మన ముత్తవ్వ!"

మన ఏమిటి? బిడ్డలు తల్లి వంశానికే చెందే ఊళ్ళో ఆవిడ ఇతనికేమవుతుంది?  పైగా పెద్దమ్మ అన్నది చెవుల్లో మోగుతూనే ఉంది: "నాడు దొర ఒక్కడు చూశాడు. నువ్వు ఊరందరికీ చూపిస్తావా తల్లీ?"

పెడితే దొర చేసిన పనే తనూ చేసినట్టు. పెట్టకపోతే ముత్తవ్వ ఎప్పటికీ పేరులేని స్థానిక స్త్రీగానే మిగిలిపోతుంది. ఏది సిగ్గు, ఏది న్యాయం? ఒక పూట పెట్టాలనిపించేది, ఒక పూట చింపెయ్యాలనిపించేది. మొగుడికీ పెద్దమ్మకీ కూడా తెలిసిపోయింది ఏం చెయ్యాలో. తనకే తెలియడం లేదు, ఫొటోలు తీసే తనకే. కోపం ఎవరి మీదో కూడా తెలియక ఒంటరిగా ఏడ్చింది.

అచ్చుకిచ్చే ముందు మరకలు తుడుద్దామని కంప్యూటర్లో ఫొటోను పెద్దది చేసింది. ముఖం చూడలేక కిందికి జరిపింది. కాళ్ళ పక్కన నేలమీద ఏదో కుప్ప. ఇన్నాళ్ళూ నీడనుకుంది. నీడకు అంచూ పువ్వులూ ఉంటాయా? అది గుడ్డ. భుజం మీద కప్పుకునే గుడ్డ. ముత్తవ్వ అలా తిరిగే మనిషి కాదు. ఫొటో కోసం దొర తీసెయ్యమన్నాడు, తీసింది.

ప్రదర్శన రోజు పొద్దున ఎబో గుమ్మంలోనే నిలబడిపోయాడు. గోడ నిండా నేలమీది గుడ్డ ఒక్కటే ఉంది, ప్రతి పువ్వూ కనిపించేంత పెద్దదిగా. కింద ముత్తవ్వ పూర్తి పేరు. మనిషి లేదు.

"ఇదేంటే? లండన్ వాళ్ళకేం చెప్పను? ముత్తవ్వేదీ?"

తను చేసింది ఒప్పో కాదో అరబాకు అప్పటికీ తేలలేదు. కానీ ఈసారి మాట పెగిలింది.

"గుడ్డ కట్టుకుంటోంది. నువ్వు అటు తిరిగి నిలబడు."