గనుల ఊరి పాట

ఫాస్ఫేటు గనుల దుమ్ములో బతికే ఆ ప్రాంతానికి సొంత జెండా లేదు గాని సొంత పాట ఉంది. పెళ్ళికీ, సమ్మెకీ, బంతాటకీ అదే పాట. ఇరవై ఏళ్ళుగా డప్పు చేతబట్టి దాన్ని ఊరూరా మోసింది మన్నూబియా.

"అవతలి ఒడ్డున మళ్ళీ పుడతాను,
అమ్మా, అప్పుడు నాకు కొత్త పేరు పెట్టు."

ఊళ్ళో కుర్రాడు ముంతసర్ తన పెళ్ళికి పిలిచినప్పుడు ఆమె ముందే చెప్పేసింది, ఆ ఒక్క పాట మాత్రం పాడనని. పక్కింటి సాల్హా కొడుకు వజ్దీ ఇటలీకని దొంగచాటుగా పడవెక్కి ఇరవై మూడు రోజులు. ఫోను లేదు. వెళ్ళే ముందు గడపలో నిలబడి, "పిన్నీ, నీ పాట ఫోనులో ఎక్కించుకున్నా. సముద్రం మీద వింటాను" అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆ పాట జోలికి పోలేదు.

పెళ్ళిలో గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళేలు ఖాళీ అవుతుండగా కుర్రకారు మొదలుపెట్టారు.

"పిన్నీ, మన పాట!"

"గొంతు బాగాలేదురా."

"ఇందాకటిదాకా ఖంగుమంది! మన పాటకే జలుబు చేసిందా?"

అందరూ నవ్వారు. ఆడవాళ్ళ వరసలోంచి సాల్హా లేచింది.

"పాడవే మన్నూబియా. నా కొడుకు చచ్చాడని నువ్వే తేల్చేశావా?"

"అయ్యో, అదేం మాటక్కా!"

"మరి పాడు. నువ్వు నోరు కట్టేసుకున్న నాటినుంచి ఊరంతా నన్ను చావింటిదాన్ని చూసినట్టు చూస్తోంది."

మన్నూబియా పాడింది. సాల్హా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

పెళ్ళయిన తొమ్మిదోనాడు దక్షిణ తీరం నుంచి కబురొచ్చింది, శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయని. సాల్హా, మన్నూబియా ఇద్దరూ షేర్ వ్యానులో వెళ్ళారు. ముఖం చూసి పోల్చుకునే స్థితి కాదు. ఒక శవం ఎడమకాలి బొటనవేలు చూసి సాల్హా, "చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగింది. నేనే తలుపు వేశాను" అంది. వజ్దీ శవాన్ని తీసుకుని ఊరు చేరారు.

శవాన్ని శ్మశానానికి మోసుకెళ్తుంటే వెనక నడుస్తున్న కుర్రాళ్ళలో ఎవరో సన్నగా ఆ పాట ఎత్తుకున్నారు. క్షణంలో వీధంతా అందుకుంది. సాల్హా ఇంటి గడపలో నిలబడ్డ మన్నూబియా గట్టిగా అరిచింది.

"మూయండ్రా నోళ్ళు! ఆ పాటే మింగింది వాణ్ణి!"

పాట ఆగిపోయింది. పెళ్ళి గోరింట ఇంకా చేతులకు ఉన్న ముంతసర్ వెనక్కి తిరిగాడు. ఆరేళ్ళుగా గనిలో ఉద్యోగం కోసం తిరుగుతున్నవాడు. అతని గొంతులో కోపం లేదు.

"ఇది కాకపోతే ఇంకేం పాడమంటావు పిన్నీ? ఇక్కడి గురించి ఏమన్నా ఉంటే నేర్పు, పాడతాం."

మన్నూబియా జనం మలుపు తిరిగేదాకా చూసి, లోపల గోడకు ఆనుకుని కూర్చున్న సాల్హా పక్కన చతికిలబడింది.